లేతు ఎవరిది, వీడియో ఎవరిది?

ఇంటి వెనక షెడ్డులో గేరు కోసేవాడి పక్కన లేతు మిషన్ కనిపిస్తుంది. పాడైన సర్క్యూట్ బోర్డును బాగుచేసేవాడి బల్ల మీద ఆసిలోస్కోపు వెలుగుతుంటుంది. ఇంకొకడైతే రాగి తీగ మీది గీతల్ని వేల రెట్లు పెద్దవి చేసి చూపించడానికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపే తెచ్చి గదిలో పెట్టుకుంటాడు. వీళ్లలో చాలామందికి ఇది ఉద్యోగం కాదు, సరదా. మరి ఇన్ని లక్షల సామాను ఎలా సమకూరింది?

ఛానలే సంపాదించి పెడుతుందని కొందరు, ఉద్యోగం జీతం ఉంటే తప్ప కుదరదని కొందరు, పాత సామాను కొని బాగుచేసుకోవడం తెలిసినవాడికే ఇది చెల్లుతుందని కొందరు, కంపెనీలు ఊరికే ఇస్తాయని ఇంకొందరు అంటారు. ఎవరి చేతిలో ఒక్క ఉదాహరణ ఉన్నా అదే సూత్రమైపోతోంది. పైగా ఉదాహరణలన్నీ అమెరికావో ఆస్ట్రేలియావో. ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి చూస్తే లెక్కలు చాలావరకు మారిపోతాయి. ఇక్కడ మిషన్ కొన్నవాడికంటే, ఎవరో కొన్న మిషన్ మీద ఖాళీ గంటలు సంపాదించుకున్నవాడే ముందుకు పోతాడని ఈ వ్యాసం అభిప్రాయం. అయితే ముందు మిగతా వాదాలకు దక్కాల్సిన న్యాయం దక్కాలి.

కెమెరాకు ముందు

ఖరీదైన సామానుకూ చేతిలోని పైసలకూ పొంతన కుదరకపోవడం వీడియోలతో మొదలవలేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సైన్యాలు వదిలించుకున్న వైర్‌లెస్ సెట్లతోనే చాలా దేశాల్లో హామ్ రేడియో అభిరుచి విస్తరించింది. కొత్త సెట్టు కొనే స్తోమత లేనివాళ్లు మిగులు సామాను కొని, విప్పి, తమకు కావాల్సినట్టు మార్చుకున్నారు. మన దగ్గర 1983లో హైదరాబాద్‌లో ఏర్పడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఇంకో దారి చూపింది. మనిషికో సెట్టు లేకపోయినా, శిక్షణకూ సాధనకూ అందరికీ కలిపి ఒక చోటుంటే చాలన్నది ఆ దారి.

ఈ ప్రాంతంలోనే పుట్టిన గట్టి ఉదాహరణ చింతకింది మల్లేశంది. అప్పటి నల్గొండ జిల్లా ఆలేరు మండలం శారాజీపేట ఆయన ఊరు. ఇప్పుడది యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. పోచంపల్లి చీరకు నేతకు ముందు ఆసు పోయాలి. ఒక్క చీరకు కొయ్యల చుట్టూ దారాన్ని దాదాపు తొమ్మిది వేల సార్లు చేత్తో అటూ ఇటూ తిప్పాలి. నాలుగైదు గంటల పని, భుజం పడిపోయే పని. తల్లి లక్ష్మి పడే కష్టం చూసి ఆయన 1992లో యంత్రం తయారీకి దిగారు. బడి చదువు మధ్యలోనే ఆగిపోయింది, పెట్టుబడి లేదు. అప్పులు చేస్తూ, ఎలక్ట్రికల్ పనుల్లో వచ్చిన కూలిని విడిభాగాలకు పోస్తూ ఏళ్లు గడిపారు. చివరి చిక్కు వీడింది హైదరాబాద్ బాలానగర్‌లో. అక్కడి ఒక యూనిట్‌లో పనికి వెళ్లినప్పుడు ఒక మిషన్ కదలిక ఆయన కంటపడింది. అదే కదలికను తన యంత్రానికి చేయించి బిగిస్తే పనిచేసింది. అది 1999. ఆసు పని గంటన్నరకు దిగింది. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన పేరుతోనే సినిమా వచ్చింది.

ఈ కథను పట్టుదలకు నిదర్శనంగా చెప్పడం అలవాటైపోయింది. సాధనాల లెక్కలో చూస్తే వేరే సంగతి బయటపడుతుంది. ఆ ఏడేళ్లలో ఆయనకు కరువైంది తెలివి కాదు, నాలుగు రకాల మిషన్లు పనిచేస్తుండగా చూసే అవకాశం. బాలానగర్‌లో ఆ మిషన్‌ను ఆయన కొనలేదు, అద్దెకూ తీసుకోలేదు. దాని పక్కన నిలబడగలిగారు, అంతే. శారాజీపేటలో ఉండిపోతే అది దొరికేది కాదు.

ఛానలే కొనిస్తుందా?

ఎక్కువమంది నమ్మే వాదం ఇదే కాబట్టి లెక్క కట్టి చూడాలి. యూట్యూబ్ ప్రకటనల ఆదాయంలో వాటా ఇవ్వడం 2007లో మొదలుపెట్టింది. 2018 నుంచి నిబంధన గట్టిపడింది. వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో నాలుగు వేల గంటల వీక్షణ (లేదా, 2023 నుంచి, తొంభై రోజుల్లో కోటి షార్ట్స్ వీక్షణలు) ఉంటే తప్ప ప్రకటనల వాటా రాదు. నిడివైన వీడియోలకు ప్రకటన సొమ్ములో 55 శాతం, షార్ట్స్‌కు 45 శాతం సృష్టికర్తకు దక్కుతుంది.

శాతాలు ప్రపంచమంతా ఒకటే, ప్రకటనల ధరలు కావు. అదే వీడియోను అమెరికాలో చూసినవాడి వల్ల వచ్చేదీ మిర్యాలగూడలో చూసినవాడి వల్ల వచ్చేదీ పోల్చలేం. ఉదాహరణకు వెయ్యి వీక్షణలకు ముప్పై రూపాయలు చేతికొస్తాయనుకుందాం. లక్ష రూపాయల మిషన్‌కు ముప్పైమూడు లక్షల వీక్షణలు కావాలి. అందులో కెమెరా, ఇంటర్నెట్, పాడైన ముడిసరుకు ఖర్చు కలపలేదు.

తెలుగులో పల్లె నుంచి వచ్చిన వీడియోలకు వీక్షణలు లేవా అంటే ఉన్నాయి. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి 2012లో మొదలైన మై విలేజ్ షో గంగవ్వను ఇంటింటి మనిషిని చేసింది. కానీ హాస్యానికి ఊరే సెట్టు, ఊరివాళ్లే నటులు. వర్క్‌షాపు వీడియోకు మొదటి వీడియో కంటే ముందే సామాను కావాలి, ఆదాయమేమో యాభయ్యో వీడియో తర్వాత మొదలైతే అదృష్టం. పైగా గేరు పళ్లు కోసే ఓపికైన వీడియోను చూసేవాళ్లు తక్కువ. పెట్రోలు పోసి ఏదో ఒకటి పేల్చే వీడియోకు జనం ఎక్కువ. ఛానల్ ఆదాయం మీదే మిషన్లు కొనాలనుకున్నవాడు ఆ రెండో వైపు జారిపోవడం ఎంత సులభమో వేరే చెప్పనక్కర్లేదు.

కాబట్టి ఈ వాదం పూర్తిగా అబద్ధం కాదు, వరుస తప్పింది. ఛానల్ మొదటి మిషన్‌ను కొనివ్వదు, మూడోదాన్నో నాలుగోదాన్నో కొనిస్తుంది. పేట్రియాన్ లాంటి నెలవారీ చందాలూ (ఆ సంస్థ 2013లో మొదలైంది) అంతే. ఇంగ్లిష్‌లో చెప్పేవాళ్లకు ప్రపంచమంతా చందాదారులు దొరుకుతారు. తెలుగులో చెప్పేవాళ్లకు అమెరికాలోని మనవాళ్లు ఆ లోటు కొంత తీర్చగలరేమో, ఇప్పటికైతే ఆ అలవాటు సినిమా కబుర్లకు ఉన్నంతగా వర్క్‌షాపు పనులకు లేదు.

తుక్కు నుంచి ప్రయోగశాల

పాత సామాను వాదానికి అందరూ చెప్పే రుజువు సామ్ జెలూఫ్. న్యూజెర్సీలో తల్లిదండ్రుల గ్యారేజీలో 2018లో ఇంటిపట్టునే ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ చేసి చూపించిన కుర్రాడు. అతని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు 1990ల మొదట్లో రెండున్నర లక్షల డాలర్లది. పాడైపోయిన దాన్ని వెయ్యి డాలర్లకు కొని బాగుచేసుకున్నాడు. అప్లైడ్ సైన్స్ ఛానల్ నడిపే బెన్ క్రాస్నో 2011లో అలాంటి మైక్రోస్కోపును ఇంట్లోనే కట్టి చూపించాడు. వృత్తిరీత్యా ఇంజనీరు కాబట్టి జీతమూ ఉంది, చేతిలో పనీ ఉంది. సిలికాన్ వ్యాలీ చుట్టుపక్కల కంపెనీలు మూతపడ్డప్పుడల్లా సామాను అంగట్లోకి వస్తుంది. ఎలక్ట్రానిక్స్‌లో చౌక సాధనాల దారి కూడా ఉంది. సిడ్నీకి చెందిన డేవ్ జోన్స్ 2009 నుంచి నడుపుతున్న ఈఈవీబ్లాగ్ వల్ల, 50 మెగాహెర్ట్జ్ రిగోల్ ఆసిలోస్కోపును 100 మెగాహెర్ట్జ్‌కు మార్చుకోవచ్చని ప్రపంచమంతా తెలిసింది.

మన దగ్గర తుక్కు లేదా? కావాల్సినంత ఉంది. ప్రభుత్వ సంస్థల పాత సామాను కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన ఎంఎస్‌టీసీ ఈ-వేలంలో అమ్ముడవుతుంది. కానీ అక్కడ లాట్ల లెక్క. ఒక్క లేతు కావాలన్నా దానితోపాటు టన్నుల ఇనుము ఎత్తాలి. ఆ పని చేయగలిగింది తుక్కు వ్యాపారులే. వాళ్ల చేతికి వచ్చాక మిషన్‌ను మిషన్‌గా కాకుండా కిలోల లెక్కన చూస్తారు. ప్రయోగశాల సామాను గతి ఇంకా అన్యాయం. పాత స్పెక్ట్రోమీటర్‌లో తుక్కువాడికి కనిపించేది అల్యూమినియం, రాగి మాత్రమే. గడ్డపారతో విప్పేస్తాడు. విదేశం నుంచి తెప్పించుకుందామంటే రవాణా, దిగుమతి సుంకం కలిపి కొన్నిసార్లు సామాను ధరనే మించిపోతాయి.

లోహం పనిలో పరిస్థితి కొంత మెరుగు. రాజ్‌కోట్, బటాలా లేతులు సెకండ్‌హ్యాండులో చేతులు మారుతూనే ఉంటాయి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో పనిముట్లు, కోఠి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్ విడిభాగాలు దొరకడం తెలియని అభిరుచిపరుడు ఉండడు.

మిషన్ ఇంటికి వచ్చాక మొదలయ్యే చిక్కు గురించి మాత్రం ఈ వాదం మాట్లాడదు. ఇంటి మీటరు సాధారణంగా సింగిల్ ఫేజు, లేతు మోటారుకు త్రీ ఫేజు కావాలి. రెండు మూడు హార్స్‌పవర్ లోపు మోటారుకు సింగిల్ ఫేజును త్రీ ఫేజుగా మార్చే వీఎఫ్‌డీ పెట్టి నెట్టుకురావచ్చు, ఆపైన కష్టం. పొలం దగ్గర త్రీ ఫేజు ఉంటుంది. వ్యవసాయానికి 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత కరెంటు ప్రకటించారు కూడా. ఆ కనెక్షన్ మీద లేతు తిప్పితే అది అనుమతి లేని వాడకమే. సక్రమంగా పోవాలంటే పరిశ్రమల కేటగిరీలో కనెక్షన్ తీసుకోవాలి, నెలనెలా స్థిర ఛార్జీ కట్టాలి. వారానికి నాలుగు గంటల సరదాకు అది బరువే.

కానుకగా వచ్చిన మిషన్

కంపెనీలు పనిముట్లు పంపుతాయన్నది నిజం. ఎవరికి పంపుతాయన్నదే అసలు సంగతి. ఇప్పటికే వర్క్‌షాపు ఉండి, చూసేవాళ్లున్నవాడికి పంపుతాయి. త్రీడీ ప్రింటర్లు, వెల్డింగ్ మిషన్లు, లేజర్ ఎన్‌గ్రేవర్లు లాంటి మధ్యస్థ ధర సామానే ఎక్కువగా వస్తుంది. మైక్రోస్కోపు ఎవరూ ఊరికే పంపరు.

వచ్చిందానికీ లెక్క చెప్పాలి. 2022 జూలై 1 నుంచి వ్యాపార లబ్ధి ఏడాదిలో 20,000 రూపాయలు దాటితే ఇచ్చేవాళ్లు పది శాతం టీడీఎస్ కట్టాల్సిన నిబంధన వచ్చింది. సమీక్ష చేసి సామాను తిరిగి పంపేస్తే లబ్ధి కాదనీ, అట్టిపెట్టుకుంటే లబ్ధేననీ పన్నుల బోర్డు వివరణ ఇచ్చింది. అంటే ఊరికే వచ్చిన మిషన్‌కు నగదు పన్ను. ప్రకటన అని వీక్షకుడికి స్పష్టంగా చెప్పాలని 2021లో ప్రకటనల స్వీయ నియంత్రణ సంస్థ, 2023లో కేంద్ర వినియోగదారుల శాఖ మార్గదర్శకాలిచ్చాయి. ఇవి పెద్ద అడ్డంకులేం కాదు. పక్కవాడి షెడ్డులో మిషన్ చూసి ‘వాడికి ఊరికే వచ్చింది’ అనుకునేవాళ్లు తెలుసుకోవాల్సిన విషయాలు, అంతే.

పక్క దుకాణం, పట్నం వర్క్‌షాపు

ఈ జిల్లాలకు అసలు సిసలైన వాదం ఇదీ. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వరి పెరిగాక మిర్యాలగూడ చుట్టూ రైస్ మిల్లులు వచ్చాయి. మిల్లులతోపాటు షాఫ్టులు, పుల్లీలు, రోలర్లు చేసే లేతు దుకాణాలు వచ్చాయి. వాడపల్లి, హుజూర్‌నగర్ వైపు సిమెంటు ఫ్యాక్టరీలు అలాంటి పనినే ఇంకా పెద్ద కొలతల్లో ఇచ్చాయి. కాలువ అందని మెట్ట ప్రాంతాల్లో, ముఖ్యంగా పాలమూరులో (మహబూబ్‌నగర్ వైపు), బోర్లు వ్యవసాయాన్ని మోశాయి. ఒక మోస్తరు ఊరిలో కూడా మోటారు వైండింగ్ దుకాణం, వెల్డింగ్ షాపు ఉండడానికి కారణం అదే. జడ్చర్ల, కొత్తూరు, షాద్‌నగర్ దారిలో ఫ్యాక్టరీలున్నాయి. వాటి మరమ్మతులకు బతికే వర్క్‌షాపులున్నాయి.

ఇవన్నీ పనిచేసే మిషన్లే. సీజన్‌లో తీరిక ఉండదు, సీజన్ పోయాక సగం రోజు ఖాళీ. ఒక లక్షా యాభై వేలు పెట్టి పాత లేతు కొని, వారానికి నాలుగు గంటల చొప్పున ఏడాదికి రెండు వందల గంటలు వాడాడనుకుందాం. ఐదేళ్లకు వెయ్యి గంటలు. గంటకు నూటయాభై రూపాయలు పడింది. కరెంటు, టూల్ బిట్లు, షెడ్డు, రిపేరు కలిపితే ఇంకా పైకి పోతుంది. అనుభవం ఉన్న మేస్త్రీతో సహా దుకాణం సమయం కొనుక్కోవడం అంతకన్నా పెద్ద ఖరీదేం కాదు, పైగా పని నేర్పే మనిషి పక్కనే ఉంటాడు. వీడియోలో మాత్రం ఆ మేస్త్రీ పేరు అరుదుగా వినిపిస్తుంది. ఈ రంగంలో మార్చుకోవాల్సిన అలవాటు ఏదైనా ఉంటే అది ఇదే.

దీనికే సంస్థాగత రూపం ఉమ్మడి వర్క్‌షాపు. అమెరికాలోని ఎంఐటీ బయట తొలి ఫ్యాబ్ ల్యాబ్‌లలో ఒకటి 2002లో మహారాష్ట్రలోని పాబళ్ గ్రామంలో, విజ్ఞాన్ ఆశ్రమంలో వచ్చింది. అంటే పల్లెలో పనికిరాదన్న మాట చెల్లదు. హైదరాబాద్ బాలానగర్‌లో 1968 నుంచి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ శిక్షణతోపాటు బయటి పనులూ చేస్తోంది. రాయదుర్గంలో 2023 మార్చి 2న ప్రారంభమైన టీ-వర్క్స్ 78,000 చదరపు అడుగుల్లో సీఎన్‌సీ, లేజర్ కటింగ్, సర్క్యూట్ బోర్డుల తయారీ వంటివి ఒకే కప్పు కింద పెట్టింది. దేశంలోనే పెద్ద నమూనా తయారీ కేంద్రంగా దాన్ని పరిచయం చేశారు.

బాగుంది. నల్గొండ నుంచీ మహబూబ్‌నగర్ నుంచీ అక్కడికి వంద కిలోమీటర్లకు అటూ ఇటూ. అచ్చంపేట, గద్వాల వాళ్లకు ఇంకా దూరం. ఒక నమూనా ఒక్కసారిలో కుదరదు. కోసి, బిగించి, తప్పని తేలి, మళ్లీ కోయాలి. ప్రతి సవరణకూ ఒక ప్రయాణం, ఒక రోజు కూలి పోతే ఉమ్మడి వర్క్‌షాపు చౌక అన్న మాట కాగితం మీదే మిగులుతుంది. తెలంగాణ స్టేట్ ఇన్నోవేషన్ సెల్ 2019 నుంచి ‘ఇంటింటా ఇన్నోవేటర్’ పేరుతో జిల్లా కేంద్రాల్లో ప్రదర్శనలు పెట్టింది. పల్లె సృజన సంస్థ ఊళ్లు తిరిగి ఆవిష్కర్తలను వెతికింది. ఇవి గుర్తింపు తెస్తాయి. మిషన్ గంటలు తేవడం వేరే పని.

అప్పు, సబ్సిడీ దారి కూడా ఉంది. కేంద్ర పథకం ముద్రా కింద పూచీ లేకుండా అప్పు వస్తుంది. మరో కేంద్ర పథకం పీఎంఈజీపీ కింద ఉత్పత్తి యూనిట్‌కు యాభై లక్షల ప్రాజెక్టు దాకా, గ్రామీణ ప్రాంతంలో 25 శాతం, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, మహిళలకు 35 శాతం సబ్సిడీ ఉంది. ఇవన్నీ వ్యాపారానికి. సరదాకు బ్యాంకు అప్పివ్వదు. పగలు జాబ్ వర్క్ చేసి, రాత్రి వీడియో తీసేవాడికి మాత్రం రెండూ కలిసొస్తాయి. ఈ జిల్లాల్లో ఆచరణకు నిలిచే నమూనా బహుశా అదే, కాకపోతే అప్పటికి అతను అభిరుచిపరుడా వ్యాపారా అన్న ప్రశ్న వస్తుంది.

అసలు సామాను ఎందుకు?

ఇంకో పక్షం వాళ్లు ప్రశ్ననే ఒప్పుకోరు. అరవింద్ గుప్తా చెత్తతో చేసిన బొమ్మల్లోనే భౌతికశాస్త్రం చూపించి 2018లో పద్మశ్రీ అందుకున్నారు. స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్ బృందం 2014లో కాగితం మడతలతో ఫోల్డ్‌స్కోప్ చేసింది, విడిభాగాల ఖర్చు డాలరు లోపే. ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్ రూపొందించిన ఎక్స్‌పైస్ పరికరం మామూలు కంప్యూటర్‌నే ఆసిలోస్కోపుగా మారుస్తుంది. బడి పాఠానికి ఇవి చాలు. షాఫ్టు మీద ఐదు మైక్రాన్ల తేడా పట్టుకోవాల్సినవాడికి, మల్లేశంలా పనిచేసే యంత్రమే చేయాల్సినవాడికి చాలవు. పేదరికానికి పొదుపు పేరు పెట్టి సరిపెట్టే ప్రమాదం ఈ వాదంలో ఉంది.

పక్కపక్కన పెడితే

ఎలక్ట్రానిక్స్ బల్ల జీతంలోంచి నెమ్మదిగా కొనుక్కోవచ్చు, చౌక సాధనాలు వచ్చాక ఛానల్ అవసరమే లేదు. లోహం పనికి పక్క దుకాణం గంటలే తక్కువ ఖర్చు, ఎక్కువ నేర్పు. త్రీడీ ప్రింటర్ స్థాయి సామానుకు కంపెనీల కానుకలు పనికొస్తాయి, అదీ ఛానల్ నిలబడ్డాక. మైక్రోస్కోపులు, వ్యాక్యూమ్ పంపుల స్థాయి ప్రయోగశాల మాత్రం ఇక్కడ ఇంకా ఏ దారికీ లొంగలేదు. అమెరికా గ్యారేజీ కథను మనకు అన్వయించినప్పుడు తెగిపోయేది ఈ చోటే. అక్కడి పాత సామాను సంత ఇక్కడ లేదు.

తేలనివి

ఈ చర్చలో వినిపించే లెక్కలన్నీ నెగ్గినవాళ్లవి. లేతు కొని, వీడియోలు ఆగిపోయి, చివరికి దాన్ని తుక్కుకు అమ్మినవాళ్ల లెక్క ఎవరూ రాయలేదు. అది లేకుండా ఏ దారి మేలో గట్టిగా చెప్పడం కష్టం. ఆడపిల్లలకు పక్క లేతు దుకాణం తలుపులు ఏమేరకు తెరుచుకుంటాయన్నది అంతకన్నా తీవ్రమైన ప్రశ్న. పరిచయం మీద నడిచే వ్యవస్థ పరిచయం లేనివాళ్లను బయటే ఉంచుతుంది. ఉమ్మడి వర్క్‌షాపు ఖర్చైనా సరే కావాలనడానికి ఇదొక్కటే చాలినంత కారణం.

బడుల సంగతీ తేలాలి. బడుల్లో కేంద్రం పెట్టించే అటల్ టింకరింగ్ ల్యాబ్‌కు ఒక్కోదానికి ఇరవై లక్షల రూపాయల దాకా సాయం అందుతుంది. దేశంలో పది వేలకు పైగా ఏర్పడ్డాయి. 2025 కేంద్ర బడ్జెట్లో ఐదేళ్లలో ఇంకో యాభై వేలు పెడతామన్నారు. వాటిలో త్రీడీ ప్రింటర్ ఉంటుంది. సెలవుల్లో ఆ గది తాళం ఎవరి దగ్గర ఉంటుందన్నది పథకం కంటే ప్రధానోపాధ్యాయుడి మీదే ఎక్కువ ఆధారపడుతుంది.

ఇంతకన్నా పెద్ద అవకాశం ఐటీఐలు. రాష్ట్రంలోని 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనికి 2024 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. మొత్తం అంచనా 2,324 కోట్ల రూపాయలు. సీఎన్‌సీలు, రోబోలు జిల్లాలకు వస్తున్నాయి. త్రీ ఫేజు, గట్టి నేల, నేర్పే మనిషి అన్నీ అక్కడే ఉంటాయి. సాయంత్రం తరగతులయ్యాక విద్యార్థి కానివాడు రుసుము కట్టి ఆ మిషన్ మీద రెండు గంటలు పనిచేయవచ్చా, చేయి తెగితే బాధ్యత ఎవరిది, స్పిండిల్ విరిగితే సొమ్ము ఎవరు కట్టాలి, అక్కడ తీసిన వీడియో మీద ఆదాయం వస్తే సంస్థకు వాటా ఉంటుందా? వీటికి జవాబులు రాయాల్సింది ఉపాధి, శిక్షణ శాఖ. అవి వచ్చేదాకా మిర్యాలగూడ రైస్ మిల్లుల సీజన్ ఎప్పుడు అయిపోతుందో కనుక్కుంటూ ఉండాల్సిందే.